వద్దన్న పాలు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. నేను నర్సుని. శవాల గది పక్క వరండాలో కూర్చుని టిఫిన్ తిన్నదాన్ని. ప్రాణం పోయిన మనిషికి కళ్ళు మూసి, దవడకి గుడ్డ కట్టి, చేతులు కడుక్కుని టీ తాగడానికి వెళ్ళినదాన్ని. పోయినవాళ్ళెవరూ లేచొచ్చి నన్ను పలకరించలేదు. పెట్టాల్సిన బాధలన్నీ బతికున్నవాళ్ళే పెట్టారు.

పైగా మాది ప్రార్థన చేసుకునే ఇల్లు. మా నాన్న సంఘంలో పెద్ద. చీకట్లో ఏదో కనిపించిందని మా చెల్లెలు ఏడిస్తే, "కనిపిస్తే పేరడిగి రా, పో" అని వెనక్కి పంపేవాడు. ఆ పెంపకం నాది.

అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎక్కువమందికి చెప్పలేదు. చెప్పినప్పుడు కొందరు భక్తిగా తలూపారు, కొందరు నవ్వారు. రెండూ నాకు నచ్చలేదు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేను చూసింది నేను చూశానని, ఇంకొకరు చెప్పింది వాళ్ళు చెప్పారని విడివిడిగా రాస్తాను. కేస్ షీట్లు రాసిన చెయ్యి ఇది, దీనికి అలా రాయడమే వచ్చు.

డెబ్భైల చివరి మాట. మస్కట్‌లో ఒక ఆస్పత్రిలో నా డ్యూటీ. మా ఆయన దానియేలు ఒక కంపెనీ గ్యారేజీలో ఫోర్‌మన్. మాది నరసాపురం దగ్గర పల్లె. ఆ రోజుల్లో మస్కట్ చుట్టూ ఊళ్ళు ఇంకా కడుతూనే ఉన్నారు. ఎటు చూసినా సిమెంటు మిక్సర్లు, వాటి చుట్టూ మన కరీంనగర్, నిజామాబాద్ మనుషులు.

మా వార్డులో ఒక తెల్ల డాక్టరమ్మ ఉండేది. అంతకుముందు కెన్యాలో పనిచేసింది. అక్కడ ఉత్తరాన, మనిషి జాడ లేని ఎండు మైదానాల్లో అడవి జంతువుల కోసం పెద్ద పెద్ద పార్కులున్నాయని, సెలవు దొరికితే డేరా తీసుకుని వెళ్ళిపోయేదాన్నని కథలు కథలుగా చెప్పేది. అక్కడ కత్తుల్లాంటి పొడుగు కొమ్ముల జింకలు నీటిచుక్క లేకుండా రోజుల తరబడి బతుకుతాయట. "ఇక్కడా ఉండేవి సువార్తా, తెల్లవి. కొన్నేళ్ళ కిందటే ఆఖరి వాటిని కూడా బండ్లలో తరిమి కాల్చేశారు" అంది ఒకరోజు. ఆ మాట నన్ను పట్టుకుంది. ఆ జింకలు తిరిగిన నేల ఒక్కసారి చూడాలనిపించింది.

అలా అనుకున్నానో లేదో, దారి దానంతటదే దొరికింది. ఆ జింకల్ని మళ్ళీ తెచ్చి వదిలితే బతుకుతాయా అని చూడటానికి ఇద్దరు తెల్లవాళ్ళు ఎడారి నడుమ క్యాంపు వేసుకుని ఉన్నారు. ఆ మైదానం పేరు జిద్దత్ అల్ హరాసీస్. హరాసీస్ అంటే అక్కడ మేకలు, ఒంటెలు మేపుకుని బతికే జాతి. క్యాంపులో ఒక ల్యాండ్ రోవర్ మూలపడితే బాగుచేసి రమ్మని మా ఆయన్ని కంపెనీ పంపింది. నాకు సెలవుంది. నేనూ వస్తానన్నాను.

తోటి నర్సులు నెత్తిన చేతులు పెట్టుకున్నారు. "సెలవొస్తే ఇంటికి పోతారు గానీ ఎడారికి పోతారటే? ఏవుందే అక్కడ చూడ్డానికి, మట్టి!" అన్నారు. మట్టే చూసొస్తానన్నాను. నేను ఒకటి అనుకున్నానంటే దాన్ని మార్చడం మా నాన్నవల్లే కాలేదు.

సమాయిల్ ఖర్జూరపు తోటల మీదుగా బయల్దేరాం. ఆదం అనే ఊరు దాటాక తారు రోడ్డు అయిపోయింది. తర్వాత మట్టి దారి, ఆ తర్వాత అదీ లేదు. బండి నడిపింది మల్లేశం. జగిత్యాల వైపు మనిషి, సైట్‌లో లారీ తోలేవాడు, మా ఆయనకి నమ్మకస్తుడు. హైమా అనే చోట మాకు దారి చూపడానికి సాలెం అనే హరాసీస్ పెద్దాయన ఎక్కాడు. ఒకప్పుడు ఆయిల్ క్యాంపులో చేసి వంటవాళ్ళ దగ్గర కాస్త హిందీ నేర్చాడు. నాది ఆస్పత్రి అరబ్బీ: ఎక్కడ నొప్పి, నోరు తెరువు, గట్టిగా ఊపిరి తియ్యి. ఆ రెంటినీ కలిపి మేమిద్దరం దారి పొడుగునా కబుర్లే.

ఆ మైదానం చూడటానికి బండి దిగి నిలబడ్డాను. ఎటు చూసినా బల్లపరుపు నేల, దాని నిండా గులకరాళ్ళు. ఎక్కడో ఒక తుమ్మచెట్టు, మళ్ళీ చూపు ఆనేంత దూరంలో ఇంకొకటి. అయినా అక్కడ ప్రాణం ఉంది. సన్నకాళ్ళ చిన్న జింక ఒకటి మా బండికి అడ్డంగా పరుగెత్తితే పిల్లదానిలా చప్పట్లు కొట్టాను.

అన్నిటికంటే వింత అక్కడి పొగమంచు. పగలంతా నిప్పులు చెరిగే నేల మీద, పొద్దున్నే సముద్రం వైపునుంచి మంచు కమ్ముకొస్తుంది. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. చెట్టు కొమ్మలనుంచి వానలా చుక్కలు రాలతాయి. మేకలు రాళ్ళు నాకి దాహం తీర్చుకుంటాయి. సాలెం రాత్రి తన దుప్పటి తుమ్మకొమ్మల మీద పరిచి, పొద్దున్నే పిండి గ్లాసు నింపి నా చేతికిచ్చాడు. కొంచెం ఉన్ని వాసన వచ్చింది గానీ మంచి నీళ్ళే.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఊళ్ళో ఎవరింటికెళ్ళినా, ఏది పెట్టినా, మొదటిసారి "వద్దండీ" అనాలి. ఎంత ఆకలేసినా సరే. రెండోసారి అడుగుతారు, "అబ్బెబ్బే, ఇప్పుడే తినొచ్చాం" అనాలి. మూడోసారి అడిగితే ఇక తీసుకోవాలి. మూడోసారి కూడా కాదంటే పెట్టినవాళ్ళని అవమానించినట్టే. అడగ్గానే చేయి చాపేవాళ్ళని "మొహం వాచినట్టున్నారు" అంటారు. నాకైతే దానికో భంగిమ కూడా ఉంది. కుడిచెయ్యి గుండెకి ఆనించి, కళ్ళు మూసి, గడ్డం ఎడం భుజం వైపు తిప్పుతాను. మా ఆయన దాన్ని అనుకరించి మా అత్తగారి ముందే నన్ను ఏడిపించేవారు.

క్యాంపు చేరబోయే రోజు పొద్దున్నే, ఆ మంచులో టైరు పంక్చరైంది. మల్లేశం జాకీ పెట్టి బండి కిందికి దూరాడు. మా ఆయనా సాలెమూ టీ కాయడానికి ఎండుపుల్లలు ఏరతామని వెళ్ళారు. నేను బండికి ఇవతల నిలబడ్డాను. జుట్టు, చీర, కళ్ళద్దాలు అన్నీ తడిసి ముద్దవుతున్నాయి.

ఆ మంచులోంచి ఒక ముసలావిడ వచ్చింది. నల్లబట్టలు, అక్కడి ఆడవాళ్ళు పెట్టుకునే నీలిరంగు ముసుగు ముఖానికి. కళ్ళు మాత్రం కనపడుతున్నాయి. చేతిలో ఆకులతో అల్లి, అడుగున తోలు కుట్టిన గిన్నె. దాని నిండా పాలు. దగ్గరికొచ్చి, మాటా పలుకూ లేకుండా గిన్నె నా ముందుకి చాపింది.

నాకు ఆకలిగానే ఉంది. కానీ చెయ్యి దానంతటదే గుండెమీదికి పోయింది. కళ్ళు మూసుకుని, తల తిప్పి, వద్దన్నాను. ఇంకోసారి అడుగుతుందని ఆగాను. కళ్ళు తెరిచేసరికి ఆవిడ వెనక్కి తిరిగి మంచులోకి నడిచిపోతోంది. నాకు ఒళ్ళు మండింది. ఒక్కసారేనా అడగడం, ఇదేం మర్యాద అనుకున్నాను.

అప్పుడు నేను గమనించింది ఒకటుంది. ఆవిడ బట్టలు పొడిగా ఉన్నాయి. గుడ్డ అంచు గాలికి పటపటమని కొట్టుకుంది. తడిగుడ్డ అలా కొట్టుకోదు. అంత మంచులో నడిచొచ్చిన మనిషి మీద ఒక్క చుక్క లేదు. ముసలిది పక్కనే ఎక్కడో డేరాలోంచి వచ్చి ఉంటుందిలే అనుకున్నాను.

మల్లేశం బండి కిందినుంచి బయటికొచ్చి, "ఎవలో ముసలామె అచ్చింది గదక్కా? ఏమన్నది?" అన్నాడు. వాడికి కాళ్ళు మాత్రమే కనపడ్డాయట. "కుడికాలు చిటికెన ఏలు లేదామెకు. తెగినట్టుంది" అన్నాడు. ఇది వాడు చూసింది, నేను చూడలేదు.

మా ఆయన ఇంకా పుల్లలు ఏరుతుండగానే సాలెం తిరిగొచ్చాడు, చెప్పాను. పాలు అనగానే ముఖం ఒకలా పెట్టాడు. వాళ్ళలో పాలు అమ్మరు, ఎదురైనవాళ్ళకి పోస్తారు. వద్దంటే మళ్ళీ అడగరు. "ఒక మనిషి వద్దన్నాక మళ్ళీ అడిగితే, నీ మాట అబద్ధం అన్నట్టే కదా" అన్నాడు. అదీ నిజమేననిపించింది. తర్వాత నెమ్మదిగా, ఈ ఏడు ఇటువైపు వాన పడలేదని, మేత లేక అందరూ మందల్ని తోలుకుని వెళ్ళిపోయారని, ఇక్కడ డేరా ఉండే వీలే లేదని అన్నాడు. మల్లేశం కాలివేలి సంగతి చెబితే, ఏ కాలు అని రెండుసార్లు అడిగాడు. ఆ తర్వాత పుల్లలు విరిచి టీకి మంట పెట్టడంలో పడ్డాడు.

క్యాంపు చేరాం. మా ఆయన మూలపడ్డ బండిని విప్పారు. అడుగున పని కాబట్టి జాకీ ఎత్తేముందు బండిలో సామాను మొత్తం దింపించారు, బరువు లేకుండా. అది ఆయన పద్ధతి, గ్యారేజీలో అందరికీ నేర్పే పద్ధతి. మర్నాడు పొద్దున్నే ఇంకా మంచు విడవకముందే పని పూర్తయింది. "ఓసారి తిప్పి చూసొస్తానే, టీ పెట్టు" అన్నారు నాతో. బండి మంచులోకి వెళ్ళింది. చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది.

టీ చల్లారింది. మంచు విడిపోయింది. ఎండ ముదిరింది. ఆయన రాలేదు.

అప్పుడు చూశాను, డేరా నీడలో వరసగా పెట్టిన నీళ్ళ డబ్బాల్ని. దింపిన సామానులో అవీ ఉన్నాయి. ఆయన దగ్గర ఒక్క చుక్క నీళ్ళు లేవు.

నీళ్ళు లేని మనిషికి ఆ ఎండలో ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. దాహంతో తెచ్చిన పనివాళ్ళని వార్డులో చూశాను. నాలుక మొద్దుబారుతుంది, చెమట ఆగిపోతుంది, మాట తడబడుతుంది, తర్వాత మనిషి తన బట్టలు తనే విప్పేసుకుని నడవడం మొదలుపెడతాడు. అవన్నీ నా కళ్ళముందు ఒక్కొక్కటే తిరిగాయి. పైకి మాత్రం ఏడవలేదు. ఏడిస్తే ఒంట్లో నీళ్ళు పోవడం తప్ప ఉపయోగం లేదని నాకు నేనే చెప్పుకున్నాను.

తెల్లవాళ్ళిద్దరూ కబురందించి విమానం ఏమైనా దొరుకుతుందేమోనని ఒక బండిలో హైమాకి పరుగెత్తారు. సాలెం, మల్లేశం, నేను మా బండిలో వెతకడానికి బయల్దేరాం. క్యాంపువాళ్ళ బండ్లు అన్ని వైపులా తిరిగి ఉన్నాయి కాబట్టి టైరు గుర్తులు లెక్కలేనన్ని. ఒకటి పట్టుకుని పోతే గట్టి బండనేల మీద మాయమైపోతోంది. హారన్ కొట్టాం, పాత టైరు కాల్చి పొగ పెట్టాం. పొద్దుపోయింది. ఆ రాత్రి నేను దావీదు కీర్తనలు తప్ప ఇంకేం మాట్లాడలేదు.

రెండోరోజు పొద్దున్న మళ్ళీ మంచు. చాలాసేపటిదాకా బండి కదపలేకపోయాం. ఆ మంచు చూసి కొంచెం ఊరట కూడా పడ్డాను, రాళ్ళు నాకైనా బతుకుతారని. మంచు విడిచాక ఉత్తరం అంతా గాలించాం. మధ్యాహ్నానికి ఇంజన్ వేడెక్కిపోయి ఆగాల్సి వచ్చింది. ఉన్న నీళ్ళు ఆయన దొరికితే తాగించాలని దాచి ఉంచాను. నేను తాగలేదు. అలా ఉండొద్దని సాలెం కోప్పడ్డాడు కూడా.

సాలెం నమాజు చేసుకోవడానికి బండికి అవతల, దూరంగా వెళ్ళాడు. మల్లేశం బండి కింద నీడలో కన్ను మూశాడు. నేను తలుపు తీసుకుని, కాళ్ళు బయట పెట్టి కూర్చున్నాను. నేల మీద ఎండ తెల్లగా మండుతోంది.

ఆవిడ నా ఎదురుగా నిలబడి ఉంది. వస్తుండగా చూడలేదు. అవే నల్లబట్టలు, అదే నీలి ముసుగు, అదే గిన్నె. ఈసారి ఆవిడ నిలువునా తడిసి ఉంది. ముసుగు అంచునుంచి, గుడ్డ అంచునుంచి చుక్కలు కారి రాళ్ళ మీద పడుతున్నాయి. మంచు విడిచి ఎంతసేపో అయింది. అంత ఎండలో నా చీర కొంగు అట్టలా ఎండిపోయి ఉంది.

గిన్నె చాపింది.

నిజం చెబుతున్నాను, ఆ పాలు చూడగానే రెండు చేతులతో లాక్కుని తాగేయాలనిపించింది. కానీ చెయ్యి మళ్ళీ గుండెమీదికే పోయింది. ఈసారి మొహమాటానికి కాదు. "నాకొద్దమ్మా, ఆయనకి పొయ్యి. నీకు దణ్ణం పెడతాను, ముందు ఆయనకి పొయ్యి" అన్నాను. తెలుగులోనే అన్నాను. ఆ క్షణంలో నాకు వేరే భాష రాలేదు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఒక్కసారిగా వచ్చేసింది.

ఆవిడ కాసేపు నన్ను చూసింది. ఆ చూపులో జాలి లేదు, కోపం లేదు. రోగి చెప్పింది విన్న డాక్టరు తలూపినట్టు తలూపి, దక్షిణం వైపు నడిచింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని చూస్తే ఎవరూ లేరు. చాటుకి చెట్టు గానీ గుట్ట గానీ లేని నేల అది.

మల్లేశాన్ని లేపాను. నేనేం చెప్పకముందే వాడు నేల చూసి, "అక్కా, గీడ రాళ్ళ మీద తడేంది? గింత ఎండల నీళ్ళు యాడికెళ్ళి అచ్చినయి?" అన్నాడు. బండి దగ్గర్నుంచి దక్షిణానికి చుక్కల వరస. మేం చూస్తుండగానే ఒక్కొక్కటీ ఆరిపోయింది. మా నీళ్ళ డబ్బాల మూతలు బిగించే ఉన్నాయి, అది కూడా చూశాను.

సాలెం రాగానే దక్షిణానికి పదమన్నాను. అటు బావి లేదు, మంద లేదు, ఏమీ లేదు, ఉన్న పెట్రోలు వృథా అన్నాడు. "నువ్వు రాకపోతే నేను నడిచి పోతాను" అన్నాను. నా ముఖం చూసి బండెక్కాడు.

చాలా దూరం పోయాం. పొద్దు వాలుతుండగా ముందు బండి కనిపించింది, ఇంజన్ కింద నూనె మడుగుతో. మంచులో దారి తప్పి ఇంత దూరం వచ్చాక, రాయి తగిలి అడుగు పగిలిపోయింది. బండిలో ఆయన లేరు. అక్కడికి కాస్త అవతల ఒంటరి తుమ్మచెట్టు, దాని కింద మా ఆయన. చొక్కా తలకి చుట్టుకుని, చెట్టు మొదలుకి ఆనుకుని, గుర్రు పెట్టి నిద్రపోతున్నారు.

నేను నర్సుని కాబట్టి ముందు పరీక్ష చేశాను, తర్వాతే కావిలించుకున్నాను. పెదాలు పగిలాయి. కానీ నాలుక తడిగా ఉంది. చర్మం గిల్లి వదిలితే వెంటనే వెనక్కి పోయింది. మాట తిన్నగా ఉంది. అంతసేపు నీళ్ళు లేకుండా ఆ ఎండలో ఉన్న మనిషి అలా ఉండడు. మంచు తడి నాకినంత మాత్రాన కూడా అలా ఉండడు. మీసాల మీద తెల్లగా పాలు ఎండి ఉన్నాయి. వాసన చూశాను. పాలే, కొంచెం పొగ వాసన.

ఇక ఆయన చెప్పింది. ఆ రోజే, చెట్టు నీడ పక్కనున్న బండరాయి మీదికి ఎక్కే వేళకి ఒక ముసలావిడ వచ్చిందట. ఒళ్ళంతా తడి. ఆవిడ గుడ్డ అంచునుంచి చుక్కలు ఈయన చేతి మీద పడ్డాయట. కుడికాలు చిటికెన వేలు లేదన్నారు. ఆ వేలి సంగతి మేమెవరం అప్పటికి ఆయనకి చెప్పలేదు. బండరాయి మీది చెట్టు నీడని బట్టి నేను లెక్క వేసుకున్నాను. ఆవిడ నా ఎదుట నిలబడ్డ వేళా ఇంచుమించు అదే. నా దగ్గర్నుంచి ఆయన దగ్గరికి బండిలో రావడానికే మాకు పొద్దువాలింది.

"గిన్నె చాపింది. వద్దన్నానే" అన్నారు మా ఆయన.

"చస్తూ కూడా వద్దన్నారా!" అన్నాను.

"అలవాటే బాబూ. చావబోతూ కూడా మొహమాటమే మనకి. నీళ్ళయితే తాగేసేవాడినేమో, ఆవిడ తాగాల్సిన పాలేమో అనిపించింది. అప్పుడేం చేసిందో తెలుసా?"

ఆయన కుడిచెయ్యి గుండెకి ఆనించుకున్నారు. కళ్ళు మూశారు. గడ్డం ఎడం భుజం వైపు తిప్పారు.

"ఇలా చేసి చూపించి, మళ్ళీ గిన్నె చాపింది. నువ్వేనే అది. నువ్వు ఎక్కడో వద్దన్నావని, అందుకే నాకొచ్చాయని అర్థమైపోయింది. ఇంక మాట్లాడకుండా తాగేశాను" అన్నారు.

సాలెం ఇదంతా విన్నాడు. మా ఆయన చెప్పిన ముక్క ముక్కా నేను అతనికి హిందీలో చెప్పాను. రెండోసారి అడిగిందా అని మాత్రం అడిగాడు. అడిగిందన్నాను. "మా వాళ్ళెవరూ అలా అడగరు" అన్నాడు. ఆవిడెవరో నీకు తెలుసు కదా అని నేను గట్టిగానే నిలదీశాను. "నీ మనిషి నీకు దొరికాడు. ఇంకేం కావాలి నీకు?" అని నీళ్ళ డబ్బా నా చేతిలో పెట్టి, ముందు తాగమన్నాడు. తాగాను.

మస్కట్ వచ్చాక అడిగినవాళ్ళందరికీ ఒక్కొక్క జవాబు ఉంది. మల్లేశం ఎల్లమ్మ తల్లి అని తేల్చేసి, ఊరికెళ్ళినప్పుడు కోడిని కోసొచ్చాడు. మా పాస్టరుగారు దేవదూత అన్నారు. దేవదూతకి కాలివేలు తెగి ఉంటుందా అయ్యగారూ అని అడిగాను. ఆయన మాట మార్చి, పిల్లల సండే స్కూలు గురించి మాట్లాడారు. తెల్ల డాక్టరమ్మ, దాహం వేసిన మెదడు ఏవేవో చూస్తుంది అంది. నాకూ మొదట అదే తోచింది. కానీ పంక్చరైన పొద్దున నాకు దాహం లేదు. కాళ్ళు చూసిన మల్లేశానికీ లేదు. మీసాల మీద పాలు మెదడులోంచి రావు.

నేను నా వంతుగా ఆలోచించి చూశాను. ఇద్దరు ముసలివాళ్ళు ఉండొచ్చు, ముసుగు వేస్తే అందరూ ఒకేలా ఉంటారు. ఇద్దరికీ ఒకే కాలివేలు ఎలా లేకుండా పోయిందో తెలియదు. మంచులో పొడిగా, ఎండలో తడిగా ఎలా ఉందో తెలియదు. నా వద్దనే తీరు ఆవిడకి ఎలా అంత బాగా గుర్తుందో, దాన్ని ఆయనకి చూపించాలని ఎందుకు తోచిందో అస్సలు తెలియదు. తెలియనిది తెలియదని రాయడం నాకు సిగ్గేం కాదు.

ఆ తెల్లజింకల్ని తర్వాత నిజంగానే తెచ్చి వదిలారని విన్నాం. మా ఆయన ఆ కబురు విని, "వాటికీ పాలు పోసి ఉంటుందిలే" అన్నారు. ఉద్యోగాలు అయ్యాక నరసాపురం వచ్చేశాం. ఎప్పుడైనా నేను ఏదైనా వద్దంటే ఆయన నన్ను వేలెత్తి బెదిరించేవారు. "నీకు రెండుసార్లయిపోయింది సువార్తా. మూడోసారి కాదంటే మర్యాద కాదు, చూసుకో."

ఆ తర్వాత ఆయన చాలా ఏళ్ళు బతికారు. మనవల్ని ఎత్తుకున్నారు, నాతో కావలసినన్నిసార్లు పోట్లాడారు. ఆ ఏళ్ళన్నీ ఆవిడ పోసిన పాలే అని నాకు అనిపిస్తుంది, మీరు ఏమైనా అనుకోండి. పోయిన చలికాలంలో ఆయన నిద్రలోనే వెళ్ళిపోయారు. కళ్ళు మూసి, దవడకి గుడ్డ నేనే కట్టాను. ఈసారి వెంటనే టీకి వెళ్ళలేకపోయాను.

ధనుర్మాసంలో మా గోదావరి గట్టు మీద కూడా పొద్దున్నే మంచు పడుతుంది. ఎదురింటి గేటు కూడా కనపడదు. మా కోడలు జలుబు చేస్తుందని అరుస్తున్నా నేను వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. భయం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మా పద్ధతిలో మూడోసారి అడిగితే వద్దనకూడదు. ఆ గిన్నె మళ్ళీ వస్తే రెండు చేతులా అందుకుంటాను.